13 జట్ల నాకౌట్ ఫుట్‌బాల్ కప్: బై ఎవరికి, సమమైతే ఏం చేయాలి, ఎఫ్ఏ కప్ మనకు నేర్పేదేమిటి

కావలి దగ్గరి ఊరి నుంచి మీరు అడిగింది ఇదీ: కనుమ మర్నాటి నుంచి మూడు రోజులు, ఒకే గ్రౌండు, 13 జట్లు. ఎఫ్ఏ కప్ తరహాలో నాకౌట్, అంటే ఓడిన జట్టు ఇంటికే అనే పోటీ పెట్టాలనుకుంటున్నారు (ఎఫ్ఏ కప్ ఇంగ్లండ్ క్లబ్బులు ఏటా ఆడే కప్పు). ఫిక్స్చర్ (ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక) ఎలా వేయాలి, నిరుడు గెలిచిన జట్టు నేరుగా సెమీస్‌లోకి రావాలంటోంది ఇవ్వొచ్చా, స్కోరు సమమైతే మళ్ళీ ఆడించాలా, పెనాల్టీలకు పోవాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. 12 మ్యాచ్‌లు అవుతాయి. 3 బైలు (బై అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు పోవడం), అవీ మొదటి రౌండులోనే. నిరుటి విజేతకు మొదటి రౌండు బై వరకు ఇవ్వొచ్చు, సెమీస్ మాత్రం ఇవ్వకండి. సమమైతే రీప్లే వద్దు, ఎక్స్‌ట్రా టైమ్ కూడా వద్దు, నేరుగా పెనాల్టీ షూటౌట్. ఇవన్నీ చీటీలు తీయడానికి ముందే కాగితం మీద రాసి, 13 మంది కెప్టెన్ల చేత సంతకం పెట్టించాలి. నాకౌట్ కప్పుల్లో గొడవలు ఆట దగ్గరకంటే ముందుగా రాసుకోని నిబంధన దగ్గరే ఎక్కువగా పుడతాయి. ఎఫ్ఏ కప్ చరిత్ర చూసినా తెలిసేది అదే.

ఆ కప్పు 1871లో పుట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్కాక్, తాను చదివిన హారో స్కూల్లో హాస్టళ్ళ మధ్య జరిగే ఓడితే ఇంటికి పోయే పోటీని చూసి, దాన్నే క్లబ్బులకు పెడదామని ఆ ఏడాది జులై 20న ప్రతిపాదించాడు. మొదటి ఏడాది 15 జట్లు పేర్లిచ్చాయి. అంటే దాదాపు మీ అంత టోర్నమెంటే. ఫైనల్ 1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో జరిగింది. వాండరర్స్ జట్టు రాయల్ ఇంజనీర్స్‌ను 1-0తో ఓడించింది.

అయితే ఆ ఫైనల్ దాకా వాండరర్స్ ఎలా వచ్చిందో చూడండి. మొదటి రౌండులో ఎదుటి జట్టు తప్పుకుంది, వాకోవర్. రెండో రౌండు గెలిచింది. క్వార్టర్స్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో సమం. అప్పటి నిబంధన ప్రకారం కమిటీ తలచుకుంటే రెండు జట్లనూ ముందుకు పంపొచ్చు, అలాగే పంపింది. సెమీస్‌లో గ్లాస్గో నుంచి వచ్చిన క్వీన్స్ పార్క్‌తో మళ్ళీ సమం. ఆ జట్టుకు రీప్లే కోసం లండన్‌లో ఉండే ఖర్చులు లేక తప్పుకుంది. అంటే ఫైనల్‌కు ముందు వాండరర్స్ నిజంగా గెలిచింది ఒక్క మ్యాచే. క్వీన్స్ పార్క్ సంగతి ఇంకా విడ్డూరం: ఎదుటి జట్టు తప్పుకోవడాలు, బైలు కలిసొచ్చి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే సెమీస్‌కు వచ్చేసింది.

ఆనాటి నిర్వాహకులు తెలివి తక్కువవాళ్ళేమీ కాదు. వాళ్ళ ముందు నమూనా లేదు. బై ఏ రౌండులో ఇవ్వాలి, సమమైతే ఏంటి అన్నది ముందుగా బిగించుకోలేదు, దాంతో జట్ల సంఖ్య ప్రతి రౌండులోనూ అటూఇటూ అయింది. మనకు ఆ లెక్క తెలుసు కాబట్టి ఆ చిక్కు రానక్కర్లేదు.

లెక్క ఇదీ. 4, 8, 16, 32... ఇలా రెట్టింపయ్యే అంకెల్లో మీ జట్ల సంఖ్యకు పైన ఉన్నది పట్టుకోండి. 13కు పైన 16. అందులోంచి 13 తీసేస్తే 3. అవే బైలు. మిగతా 10 జట్లు మొదటి రౌండులో 5 మ్యాచ్‌లు ఆడతాయి. 5 విజేతలు, 3 బై జట్లు కలిపి 8. అక్కడి నుంచి ఇక బై అన్న మాటే రాదు: 4 క్వార్టర్స్, 2 సెమీస్, 1 ఫైనల్. ఎన్ని జట్లున్నా మొత్తం మ్యాచ్‌లు జట్ల సంఖ్యకు ఒకటి తక్కువ, ఎందుకంటే ప్రతి మ్యాచ్ ఒక్క జట్టునే ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటే మిగలాలి. 12 జట్లయితే 4 బైలు, 14 అయితే 2, 11 అయితే 5. చీటీలు తీసే రోజుకు ఎవరైనా తప్పుకుంటే ఈ లెక్క మళ్ళీ వేసుకోండి. చీటీలు తీశాక తప్పుకుంటే మాత్రం మళ్ళీ తీయకండి, ఎదుటి జట్టుకు వాకోవర్ ఇవ్వండి.

చాలా ఊళ్ళలో జరిగే పొరపాటు ఏంటంటే 13 జట్లలో ఒక్కరికే బై ఇచ్చి, 6 మ్యాచ్‌లు ఆడిస్తారు. 7 జట్లు మిగులుతాయి. అప్పుడు మళ్ళీ ఒక బై, 4 జట్లు. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ రెండో రౌండు బై పొందిన జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి సెమీస్‌లో కూర్చుంటుంది, అది కూడా అలసట లేకుండా. అక్కడే గొడవ మొదలవుతుంది.

బైలు ఎక్కడ పెట్టాలి? వ్యాయామ ఉపాధ్యాయులు వాడే పద్ధతే మంచిది. 1 నుంచి 13 వరకు నిలువుగా అంకెలు వేసి, పై సగంలో 7, కింది సగంలో 6 ఉంచండి. మొదటి బై కింది సగంలో చివరి అంకెకు, అంటే 13కు. రెండోది పై సగంలో మొదటి అంకెకు, అంటే 1కి. మూడోది కింది సగంలో మొదటి అంకెకు, అంటే 8కి. నాలుగోది ఉంటే పై సగంలో చివరి అంకెకు వెళ్తుంది. అలా పెడితే మీ ఫిక్స్చర్ ఇలా వస్తుంది:

మొదటి రౌండు: మ్యాచ్ 1లో 2–3, మ్యాచ్ 2లో 4–5, మ్యాచ్ 3లో 6–7, మ్యాచ్ 4లో 9–10, మ్యాచ్ 5లో 11–12.
క్వార్టర్స్: మ్యాచ్ 6లో 1వ అంకె జట్టుతో మ్యాచ్ 1 విజేత. మ్యాచ్ 7లో మ్యాచ్ 2, 3 విజేతలు. మ్యాచ్ 8లో 8వ అంకె జట్టుతో మ్యాచ్ 4 విజేత. మ్యాచ్ 9లో మ్యాచ్ 5 విజేతతో 13వ అంకె జట్టు.
సెమీస్: 6, 7 విజేతలు మ్యాచ్ 10. 8, 9 విజేతలు మ్యాచ్ 11. ఆపై ఫైనల్.

ఇక నిరుటి విజేత అడుగుతున్నదానికి వద్దాం. ఈ కోరిక కొత్తది కాదు. ఎఫ్ఏ కప్ రెండో ఏడాది, 1872-73లో, వాండరర్స్‌ను విజేత హోదాలో నేరుగా ఫైనల్‌లో కూర్చోబెట్టారు. మిగతా జట్లన్నీ ఆడి ఆడి ఒకటి మిగిలితే దానితో వాండరర్స్ ఒక్క మ్యాచ్ ఆడింది, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీని 2-0తో ఓడించి కప్పు ఉంచుకుంది. ఆ ఒక్క ఏడాదితోనే ఆ పద్ధతి ఎత్తేశారు, మళ్ళీ ఎప్పుడూ తేలేదు. మీరూ ఇవ్వకండి.

అలాగని బలమైన జట్టుకు కాస్త ఆలస్యంగా చోటివ్వడం అన్యాయమేం కాదు. ఇప్పటి ఎఫ్ఏ కప్పే అలా నడుస్తోంది. ఏటా 700కు పైగా క్లబ్బులు దిగుతాయి. చిన్నవి ఆగస్టు నుంచి అర్హత రౌండ్లు ఆడి, 32 మిగులుతాయి. వాటికి మూడు, నాలుగు అంచెల లీగుల్లోని 48 క్లబ్బులు చేరితే అసలు మొదటి రౌండు, 80 జట్లు. రెండో రౌండులో 40. అందులో గెలిచిన 20కి ప్రీమియర్ లీగు, దాని కింది చాంపియన్‌షిప్ కలిపి 44 పెద్ద క్లబ్బులు జనవరిలో వచ్చి చేరతాయి. 64 అవుతుంది. ఇక అక్కడి నుంచి బై లేదు: 32, 16, 8, 4, 2. గమనించారా, మన 13 జట్ల లెక్కే పెద్ద అంకెల్లో. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎవరన్నది లీగు స్థాయిని బట్టి సీజనుకు ముందే తేలిపోతుంది, ఎవరి పలుకుబడీ పనిచేయదు.

అందుకని నా సలహా: నిరుటి విజేతకు 1వ అంకె, రన్నరప్‌కు 13వ అంకె ముందే రాసేయండి. ఇద్దరికీ మొదటి రౌండు బై వస్తుంది, చెరో సగంలో ఉంటారు కాబట్టి ఫైనల్ దాకా తలపడరు. 2 నుంచి 12 వరకున్న 11 అంకెలకు మిగతా 11 జట్లు చీటీలు తీస్తాయి. మూడో బై అయిన 8 కూడా ఆ చీటీల్లోనే ఉంటుంది, ఎవరి అదృష్టం వాళ్ళది. ఆతిథ్యం ఇచ్చే ఊరి జట్టుకు విడిగా ఏ సౌకర్యమూ వద్దు, వాళ్ళూ చీటీ తీయాల్సిందే.

చీటీలు తీయడం మన వైపు కొత్తగా నేర్పాల్సిన పని కాదు, ఎద్దుల బండలాగుడు పోటీల్లో జతల వరస తేల్చేందుకు అందరి ముందూ తీసినట్టే ఇక్కడా తీయాలి. ఒకే కాగితం, ఒకే సైజు, ఒకే మడత. కెప్టెన్ స్వయంగా తీసి, అంకె గట్టిగా చదివి, రిజిస్టర్‌లో ఆ అంకె ఎదుట సంతకం పెట్టాలి. రాని కెప్టెన్ చీటీ చివర్లో మిగిలినది, అంతే. ఫోన్లో "మా తరఫున మీరే తీయండి" అంటే ఒప్పుకోకండి.

ఎఫ్ఏ కప్‌లో ప్రతి రౌండుకూ కొత్తగా డ్రా తీస్తారు, బలమైన జట్లను ముందే విడదీసే సీడింగు ఉండదు, అంకెల బంతుల్లో ముందు ఎవరి బంతి వస్తే ఆ జట్టుకు సొంత గ్రౌండు. అందులో ఉత్కంఠ ఉంది, నిజమే. పెద్ద క్లబ్బు ఏ పల్లెటూరి గ్రౌండుకు వస్తుందో ఎవరికీ తెలియదు, ఆ కప్పు అందమంతా దాంట్లోనే ఉంది. కానీ రౌండుకూ రౌండుకూ మధ్య వాళ్ళకు వారాలుంటాయి. మీకున్నది ఒక రాత్రి. జట్లు ఆటోలు మాట్లాడుకోవాలి, పండక్కి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు తిరుగు రైలు చూసుకోవాలి. పైగా ఒకే గ్రౌండు కాబట్టి సొంత గ్రౌండు లాభమన్నదే లేదు. మొత్తం ఫిక్స్చర్ ఒకేసారి వేసి అంటించడమే మీకు సరిపడేది.

సమయాల పట్టిక. సగానికి 25 నిమిషాలు, మధ్యలో 5, అంటే 55 నిమిషాలు. షూటౌట్‌కు, జట్లు మారడానికి 20 కలిపి ఒక్కో మ్యాచ్‌కు 75 నిమిషాలు పట్టుకోండి. మొదటి రోజు ఉదయం 7:00, 8:15, 9:30కి మూడు. 10:45కి ఆపేయండి. మధ్యాహ్నం 3:00, 4:15కి రెండు. రెండో రోజు 7:00, 8:15కి మ్యాచ్ 6, 7. మధ్యాహ్నం 3:00, 4:15కి మ్యాచ్ 8, 9. ఈ వరస మార్చకండి, ఎందుకంటే మొదటి రోజు సాయంత్రం ఆడిన జట్టు మర్నాడు పొద్దున్నే దిగకూడదు. మూడో రోజు 7:00కు మ్యాచ్ 10, 8:15కు మ్యాచ్ 11. ముందురోజు సాయంత్రం ఆడినవాళ్ళు 8:15 సెమీస్‌లో వస్తారు. ఫైనల్ సాయంత్రం 4:00కు, సగానికి 35 నిమిషాలు, మధ్యలో 10. షూటౌట్ వచ్చినా 5:40 లోపు ముగుస్తుంది. జనవరిలో మనకు ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గూకుతుంది, అందుకే ఫైనల్ 4:30కి పెట్టి అతిథుల ప్రసంగాలతో ఇంకో అరగంట లాగారంటే చివరి పెనాల్టీలు చీకట్లోనే. ప్రసంగాలు బహుమతులప్పుడు పెట్టుకోండి.

మూడో స్థానం మ్యాచ్ పెట్టొద్దు. పొద్దున సెమీస్ ఓడిన పిల్లలు మధ్యాహ్నం మనసు పెట్టి ఆడరు. ఇద్దరికీ సమానంగా ఇచ్చేయండి.

ఇక స్కోరు సమమైతే. దీని చరిత్ర తెలుసుకోదగ్గది. ఎఫ్ఏ కప్‌లో చాలాకాలం తేలేదాకా రీప్లేలు ఆడించేవారు. 1971లో ఆల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ అనే రెండు చిన్న జట్ల మధ్య అర్హత రౌండు మ్యాచ్ ఆరుసార్లు ఆడాల్సి వచ్చింది, మొత్తం 11 గంటల ఆట. ఆరోసారి ఆల్వ్‌చర్చ్ 1-0తో గెలిచింది. 1991-92 నుంచి ఒక్క రీప్లే, అప్పుడూ తేలకపోతే పెనాల్టీలు. పెనాల్టీలతో తేలిన మొదటి ఫైనల్ 2005లో, ఆర్సెనల్ 5-4తో మాంచెస్టర్ యునైటెడ్‌పై గెలిచింది. 2024-25 నుంచి అసలు మొదటి రౌండు మొదలుకొని రీప్లేలే ఎత్తేశారు. దీనిమీద చిన్న క్లబ్బులు బాధపడటం న్యాయమే: పెద్ద క్లబ్బుతో సమం చేసుకుంటే వాళ్ళ స్టేడియంలో మళ్ళీ ఆడి, టికెట్ డబ్బుల్లో వాటా తెచ్చుకునేవి, దాంతో ఏడాది గడిచిపోయేది. మీ దగ్గర టికెట్టూ లేదు, ఖాళీ రోజూ లేదు. రీప్లేకి కారణమే లేదు.

మన దేశంలో ఇంకో మార్గం కూడా తొక్కారు: కప్పు చెరిసగం. 1960 డ్యూరాండ్ కప్‌ను, 1978 ఫెడరేషన్ కప్‌ను కోల్‌కతా క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పంచుకున్నాయి. ఊరి కప్పుల్లో చీకటి పడితే ఇదే చేస్తుంటారు. నాకు నచ్చదు. మూడు రోజులు చూసిన జనానికి గెలిచిందెవరో చెప్పి పంపాలి.

ఎక్స్‌ట్రా టైమ్ ఎందుకొద్దంటున్నానంటే, మీ ఫైనలిస్టులు అదే రోజు ఉదయం సెమీస్ ఆడి ఉంటారు. డ్యూరాండ్ కప్‌లోనే 2024 ఫైనల్ 2-2 కాగానే నేరుగా పెనాల్టీలకు వెళ్ళారు, నార్త్ఈస్ట్ యునైటెడ్ 4-3తో మోహన్ బగాన్‌ను ఓడించింది.

షూటౌట్ నిబంధనలు రిఫరీకి తెలిసినా కెప్టెన్లకు చాలామందికి తెలియవు, చదివి వినిపించండి. మొదటి టాస్ ఏ గోల్ వైపు కొట్టాలో తేలుస్తుంది, రెండో టాస్ గెలిచిన కెప్టెన్ ముందు కొట్టాలా తర్వాతా అన్నది ఎంచుకుంటాడు. ఆట ముగిసేసరికి ఆటలో ఉన్నవాళ్ళే కొట్టాలి, అంతకుముందే బయటికెళ్ళినవాడు రాకూడదు. ఒక జట్టుకు రెడ్ కార్డు వల్ల 10 మందే ఉంటే, ఎదుటి జట్టు కూడా ఒకరిని తప్పించి 10 మందే కావాలి. ఇది తెలియక గొడవపడటం మామూలే. చెరి ఐదు కొట్టాక తేలకపోతే ఒకటొకటిగా. అర్హులందరూ ఒకసారి కొట్టేదాకా ఎవరూ రెండోసారి కొట్టకూడదు. కొట్టే క్షణంలో గోల్‌కీపర్ కనీసం ఒక పాదమైనా గీత మీద, లేదా గీతకు సరిగ్గా పైన గాని వెనక గాని ఉంచాలి. బంతి తిరిగొస్తే మళ్ళీ తన్నడం కుదరదు.

పెనాల్టీ గుర్తు టేపుతో కొలిచి గోల్ గీత నుంచి సరిగ్గా 11 మీటర్ల దగ్గర పెట్టండి, అడుగులతో కొలవొద్దు. మన తీరం వైపు ఇసుక నేలలో నాలుగు తన్నులకే అక్కడ గుంట పడుతుంది, ప్రతి మ్యాచ్ ముందూ పూడ్చి తడిపి తొక్కించండి. గీతలకు ముగ్గు పిండి వాడండి, పొడి సున్నం కళ్ళలో పడితే ప్రమాదం. గోల్ స్తంభాల మధ్య లోపలి కొలత 7.32 మీటర్లు, ఎత్తు 2.44. స్తంభాలు భూమిలో పాతాలి, లేదా వెనకాల ఇసుక బస్తాలతో కట్టేయాలి. ఊరికే నిలబెట్టిన గోల్ మీద పిల్లలు వేలాడితే ప్రాణం మీదికొస్తుంది, ఈ ఒక్కదాంట్లో సర్దుకుపోవద్దు.

బయటి ఆటగాళ్ళ సంగతి. అసలు తగవు ఇక్కడే. ఎఫ్ఏ కప్‌లో ఒక సీజన్లో ఒక క్లబ్బుకు ఆడినవాడు అదే కప్పులో ఇంకో క్లబ్బుకు ఆడకూడదనే నిబంధన చాలాకాలం ఉండేది. ఇదే నిబంధన పెట్టండి: మొదటి మ్యాచ్‌కు ముందు 18 మంది పేర్లు, ఆధార్ నకలు, ఆ తర్వాత ఒక్క పేరూ మారదు. ఓడిన జట్టు గోల్‌కీపర్ సాయంత్రానికి ఇంకో జట్టులో కనిపించకుండా ఇది ఆపుతుంది. బయటి ఊరివాళ్ళను ఎందరిని ఒప్పుకుంటారో అంకె రాయండి. ఇద్దరు అయితే ఇద్దరు. ఫిర్యాదు మ్యాచ్ అయిన అరగంటలో, రాతపూర్వకంగా, కెప్టెన్ ద్వారా మాత్రమే. రిఫరీ ఇచ్చిన ఆఫ్‌సైడు, పెనాల్టీల మీద ఫిర్యాదు తీసుకోం అని అక్కడే రాయండి.

రెడ్ కార్డుకు తర్వాతి మ్యాచ్ లేదు. వేర్వేరు మ్యాచ్‌లలో రెండు ఎల్లోలకూ అంతే, కానీ క్వార్టర్స్ అయ్యాక ఒంటరి ఎల్లోలు కొట్టేయండి, లేకపోతే చిన్న తప్పుకు పిల్లాడు ఫైనల్ పోగొట్టుకుంటాడు. ఏడుగురికి తగ్గితే మ్యాచ్ మొదలుపెట్టకూడదు, కొనసాగించనూ కూడదు. ఆలస్యానికి 15 నిమిషాలు ఆగి వాకోవర్ ఇవ్వండి, ప్రధాన అతిథి జట్టయినా సరే.

"ఒక్క మ్యాచ్ ఓడి ఇంటికి పోవాలా" అని కొందరు నాకౌట్ బదులు గ్రూపులు (ఒక గ్రూపులోని జట్లన్నీ ఒకదానితో ఒకటి ఆడే పద్ధతి) పెట్టమని అడుగుతారు. ఇప్పటి డ్యూరాండ్ కప్ అలాంటిదే: 24 జట్లు, నాలుగేసి చొప్పున 6 గ్రూపులు, గ్రూపు విజేతలు ఆరుగురు, రెండో స్థానాల్లో మెరుగైన ఇద్దరు క్వార్టర్స్‌కు. మొత్తం 43 మ్యాచ్‌లు. 1888లో సిమ్లాలో సైనిక జట్ల నాకౌట్‌గా మొదలైన కప్పు అది. 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ దాన్ని గెలిచిన తొలి భారతీయ జట్టు. 1950లో మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను రీప్లేలో ఓడించి గెలిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని ఆ జట్టే బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు తెచ్చింది. ఈ పేర్లు మీ బ్యానర్ మీద వేయండి, మన పిల్లలకు తెలియాలి. గ్రూపులు మాత్రం మూడు రోజుల్లో, ఒక్క గ్రౌండులో కుదరవు. వచ్చే ఏడు రెండో గ్రౌండు దొరికితే, మొదటి రౌండు ఓడిన 5 జట్లకు విడిగా చిన్న కప్పు పెట్టండి, 4 మ్యాచ్‌లే పెరుగుతాయి.

వాన సంగతి మరవకండి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి, పల్లపు గ్రౌండైతే జనవరిలోనూ చెమ్మ ఆరదు. వారం ముందే నీళ్ళు పోయే కాలువ తవ్వించి, నాలుగో రోజును ఖాళీగా ఉంచుకోండి. మ్యాచ్ మధ్యలో ఆగిపోతే ఏంటన్నదీ రాయండి: రెండో సగం మొదలై ఉంటే మిగిలిన నిమిషాలు అదే స్కోరుతో, లేకపోతే మొదటి నుంచి.

చివరగా కప్పు. మూడుసార్లు వరసగా గెలిస్తే సొంతం అనే నిబంధన మన ఊళ్ళలో ఉంది. వాండరర్స్ 1876, 77, 78 వరసగా గెలిచి సొంతం చేసుకునే హక్కు వచ్చినా, ఇకపై ఏ జట్టూ దీన్ని శాశ్వతంగా ఉంచుకోకూడదనే షరతు మీద తిరిగి ఇచ్చేసింది. ఆ తొలి కప్పు 1895లో ఆస్టన్ విల్లా దగ్గర ఉండగా, బర్మింగ్‌హామ్‌లో ఒక దుకాణం కిటికీలో ప్రదర్శనకు పెట్టినప్పుడు దొంగలెత్తుకుపోయారు, మళ్ళీ దొరకలేదు. మీరు రోలింగ్ కప్పు (ఏటా కొత్త విజేతకు చేతులు మారేది) ఇస్తుంటే గెలిచిన జట్టు నుంచి ఇద్దరు పెద్దల సంతకాలతో హామీ పత్రం తీసుకుని, వచ్చే టోర్నమెంటుకు 15 రోజుల ముందు తిరిగివ్వాలని తేదీతో సహా రాయించుకోండి. విజేతల పేర్లు చెక్కించే ఖర్చు కమిటీదే అని కూడా అందులో చేర్చండి.